రెండు వందల గంటల రష్యన్

“మనకి ఇంగ్లీషు వచ్చు. కంప్యూటర్‌కీ ఇంగ్లీషే వచ్చు. మధ్యలో ఈ జర్మన్ గోలేమిటి?” నలభై దాటాక నేను జర్మన్ వాచకం చేతపట్టుకుని న్యూయార్క్ రైలెక్కుతుంటే ఒక మిత్రుడు వేసిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. మనలో చాలామందికి భాషలంటే జావా, సీ ప్లస్ ప్లస్, పైథాన్. మనుషులు మాట్లాడే భాషల్లో ఇంగ్లీషు తర్వాత ఇంకోటి నేర్చుకోవడమంటే అదొక తీరిక వ్యవహారం, రిటైరయ్యాక పెట్టుకోవలసిన పని. ఈసారి ఈ ప్రశ్ననే కాస్త తరచి చూద్దాం. అందుకు దూరం పోనక్కర్లేదు, మా ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు.

మాది న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో. ఈ పేరు చెబితే అమెరికన్లకి గుర్తొచ్చేది ‘హౌస్’ అనే టీవీ సీరియల్లోని ఆసుపత్రి. మనవాళ్లకయితే రూట్ వన్ పక్కన అపార్టుమెంట్లు, ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్లో పార్కింగ్ పర్మిట్ కోసం పడిగాపులు. ఇదే ఊరి సరిహద్దుల్లో స్టెల్లరేటర్ రోడ్ అని ఒక రోడ్డుంది. ప్రిన్స్‌టన్ ప్లాస్మా భౌతికశాస్త్ర ప్రయోగశాల చిరునామా అది. కవరు మీద ప్రిన్స్‌టన్ అని రాసుకుంటారు గాని నేల మా టౌన్‌షిప్పుది.

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తిని విడుదల చేస్తాయి కదా, దాన్నే భూమి మీద అదుపులో పెట్టి కరెంటు తీయాలన్నది ఆ ప్రయోగశాల పని. 1951లో లైమన్ స్పిట్జర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దీన్ని మొదలుపెట్టాడు. ఆయనకి కొండలెక్కడం సరదా. అందుకే ఆ రహస్య ప్రాజెక్టుకి ‘మాటర్‌హార్న్’ అని పేరు. వేడెక్కిన ప్లాస్మాని గోడలకి తగలకుండా అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రానికి ఆయన పెట్టిన పేరు ‘స్టెల్లరేటర్’, అంటే నక్షత్రాన్ని తయారుచేసేది. పదిహేడేళ్లు ప్రిన్స్‌టన్ వాళ్లు ఆ దారినే నడిచారు. ప్లాస్మా మాత్రం చేతికి చిక్కలేదు, జల్లెడలో నీళ్లలా కారిపోతూనే ఉంది.

అదే కాలంలో మాస్కోలో కుర్చాతోవ్ సంస్థ వాళ్లు వేరే ఆకారం మీద పని చేశారు. 1968లో నోవోసిబిర్స్క్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో లెవ్ అర్త్సిమోవిచ్ తమ టీ-3 యంత్రంలో ప్లాస్మా దాదాపు కోటి డిగ్రీలకి చేరిందని ప్రకటించాడు. పశ్చిమ దేశాల వాళ్లు నమ్మలేదు. చివరికి 1969లో ఇంగ్లండులోని కల్హమ్ నుంచి ఒక బృందం లేజర్ సామగ్రి అంతా మోసుకుని మాస్కో వెళ్లి, తామే కొలిచి, “నిజమే” అని తేల్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరి ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మరుసటి ఏడాదే, 1970లో, మా ఊరి వాళ్లు తమ అతి పెద్ద స్టెల్లరేటర్‌ని విప్పి రష్యా నమూనాలోకి మార్చేశారు. ఆ యంత్రం పేరు ‘టోకమాక్’. “తొరొయిదాల్నయ కామెర స్ మగ్నీత్నిమి కతూష్కమి” అన్న రష్యన్ మాటల పొడి అక్షరాల కూర్పు అది. అర్థం “అయస్కాంత తీగచుట్టలున్న గారె ఆకారపు గది”. గారె అన్నది నా అనువాదం, రష్యావాళ్లకి గారెలు తెలియవు. 1982లో మొదలై 1997 దాకా ఇక్కడ నడిచిన పెద్ద యంత్రం కూడా టోకమాకే. అది 1994లో 10.7 మెగావాట్ల సంలీన శక్తిని చూపించింది. స్టెల్లరేటర్ రోడ్డు మీద రష్యన్ పేరున్న యంత్రం!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అమెరికన్లు రష్యన్లని నమ్మకపోవడానికి కారణం భాష ఒక్కటే కాదు. ఆ ఉష్ణోగ్రత కొలిచిన పద్ధతి మీద నిజమైన అనుమానాలుండేవి. కానీ ఒక దేశపు ఇంజనీర్లు పదేళ్లుగా ఏం చేస్తున్నారో ఇంకో దేశపు ఇంజనీర్లకి అనువాదాల ద్వారా, మిత్రుల ద్వారా, సమావేశాల్లో దుబాసీల ద్వారా మాత్రమే తెలుస్తుంటే అనుమానం తీరడానికి ఎంతకాలం పడుతుందో ఈ కథ చెబుతుంది.

1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక అమెరికాకి ఈ విషయం మీద గట్టిగానే మెలకువ వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం లెక్కలకీ సైన్సుకీ ఇచ్చినట్టే విదేశీ భాషల చదువుకీ డబ్బిచ్చింది. రష్యన్‌తోపాటు దక్షిణాసియా భాషలకీ అందులోంచి వాటా దొరికింది. అంతకుముందే, 1955 నుంచి, అమెరికా భౌతికశాస్త్ర సంస్థ సోవియట్ పత్రికలని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తర్జుమా చేయించడం మొదలుపెట్టింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్లం ఆ అనువాదాల సొమ్ము ఇప్పటికీ తింటున్నాం. డేటా స్ట్రక్చర్స్ పాఠంలో అందరం చదువుకున్న ఏవీఎల్ వృక్షం 1962లో అదెల్సన్-వెల్స్కీ, లాందిస్ రష్యన్‌లో రాసిన చిన్న వ్యాసం. స్పెల్ చెకర్లో మాటకీ మాటకీ దూరం కొలిచే లెవెన్‌ష్తెయిన్ సూత్రం 1965లో రష్యన్‌లో వచ్చి, 1966లో ఇంగ్లీషులోకి దిగింది.

అన్నిటికన్నా నాకు నచ్చే కథ రాడార్‌కి చిక్కని విమానానిది. అంచుల మీద పడ్డ తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కకట్టే పద్ధతిని ప్యోతర్ ఉఫీమ్‌త్సెవ్ 1962లో మాస్కోలో ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. అక్కడివాళ్లు దాన్ని రహస్యంగా ఉంచవలసిన సరుకుగా భావించలేదు. 1971లో అమెరికా వైమానికదళపు అనువాద విభాగం దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. 1970ల నడుమ లాక్‌హీడ్ కంపెనీలో డెనిస్ ఓవర్‌హోల్సర్ అనే రాడార్ నిపుణుడు ఆ అనువాదాన్ని చదివి, “మనకి కావలసిన లెక్క ఇదే” అని పట్టుకున్నాడు. దాని ఆధారంగా రాసిన ప్రోగ్రాముతో పలకలు పలకలుగా ఉండే విమానం తయారైంది. ఎఫ్-117 మొదటిసారి 1981లో ఎగిరింది. పుస్తకం అచ్చయిన పందొమ్మిదేళ్లకి. మధ్యలో తొమ్మిదేళ్లు అది అనువాదం కోసమే ఎదురుచూసింది. ఆ తొమ్మిదేళ్లలో రష్యన్ చదవగలిగిన రాడార్ ఇంజనీరు ఒక్కడు దాన్ని తిరగేసి ఉంటే?

ఈ అనువాదాల పని యంత్రం చేత చేయిస్తే పోలేదా అని అప్పట్లోనే అనుకున్నారు. 1954 జనవరి 7న న్యూయార్క్‌లో ఐబీఎం 701 కంప్యూటర్ మీద జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రదర్శన ఇచ్చారు. అరవై పైచిలుకు రష్యన్ వాక్యాలు, 250 మాటల నిఘంటువు, 6 వ్యాకరణ సూత్రాలు. రష్యన్ ముక్క రాని ఆపరేటర్ కార్డులు గుద్దితే ఇంగ్లీషు వాక్యాలు అచ్చయి వచ్చాయి. ఇంకో మూడేళ్లు, మహా అయితే ఐదేళ్లు, సమస్య తీరిపోతుందన్నారు. డెమో చూసి డెడ్‌లైన్ చెప్పే అలవాటు మనతో మొదలవలేదని తెలిస్తే కొంత ఊరట.

పదేళ్లు గడిచాక, ఇంత డబ్బు పోస్తున్నాం, ఏమైంది చూడండి అని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆల్‌పాక్ అంటారు దాన్ని. అధ్యక్షుడు బెల్ ల్యాబ్స్‌కి చెందిన జాన్ పియర్స్. ‘ట్రాన్సిస్టర్’ అన్న పేరు పెట్టింది ఈయనే. ఆయన పనిచేసిన మర్రేహిల్ మాకు కారులో గంట దూరం. 1966లో వచ్చిన ఆ నివేదిక యంత్రానువాదం నెత్తిన నీళ్లు కుమ్మరించిందని, దాంతో నిధులు ఎండిపోయాయని అందరూ చెబుతారు. అందులో ఉన్న ఇంకో మాట మాత్రం ఎవరూ ఎక్కువగా చెప్పరు. రష్యన్ అనువాదాలు తరచుగా వాడే శాస్త్రజ్ఞులు ఆ భాష చదవడం నేర్చుకుంటేనే చవక, సులువు కావచ్చు. తన రంగంలోని రష్యన్ వ్యాసాలు చదువుకునేంత భాష రావడానికి శాస్త్రజ్ఞుడికి 200 గంటలు, అంతకన్నా తక్కువ చాలు, అన్నది దాని సారాంశం.

రెండు వందల గంటలు! గమనించండి, ఇది మాట్లాడటానికి కాదు, పుష్కిన్ కవిత్వం చదివి కళ్లనీళ్లు పెట్టుకోవడానికీ కాదు. మన రంగంలో, మనకి ముందే తెలిసిన విషయం గురించి, ఇంకో భాషలో ఏం రాశారో చదవడానికి. సమీకరణాలు అవే, బొమ్మలు అవే, సగం పారిభాషిక పదాలు గ్రీకు లాటిన్ల నుంచి వచ్చినవే. ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి పెన్ స్టేషన్‌కి రానూపోనూ రెండు గంటలనుకోండి. ఇప్పటి పద్ధతిలో వారానికి మూడు రోజులే ఆఫీసు అనుకున్నా వారానికి ఆరు గంటలు. ఎనిమిది నెలల్లో రెండు వందలు దాటుతాయి. నాకు ఈ లెక్క దొరికాకే ధైర్యం వచ్చింది.

మన వైపు కూడా ఇంజనీర్లకి రష్యన్ అవసరపడిన కాలం ఒకటుంది. హైదరాబాదు బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం 1960ల్లో సోవియట్ సాయంతో వెలిసింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ అమెరికా కార్యాలయం ఇప్పుడు మా పక్కనే, కాలేజ్ రోడ్ ఈస్ట్ మీద ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మన ఇంజనీర్లు శిక్షణకి అక్కడికి వెళ్లారు. సోవియట్ నక్షాల మీద ప్రమాణాల సంఖ్య ముందు ‘గోస్ట్’ అని ఉంటుంది. దయ్యం కాదు, మన ఐఎస్ఐ లాంటిది. ఆ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన పీవీ నరసింహారావు స్పానిష్ నేర్చినవారు, పెద్దవయసులో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవారు. రెండు రకాల ‘భాషలూ’ ఒకే బుర్రలో ఇముడుతాయా అని అడిగేవాళ్లకి నేను ఆయన పేరే చెబుతాను.

రష్యన్ రానివాళ్లకి విశాలాంధ్ర పుస్తకాల దుకాణం ఉండేది. ఇరోదోవ్ భౌతికశాస్త్రం లెక్కలు, పెరెల్మాన్ పుస్తకాలు అంత చవగ్గా దొరకకపోతే మా తరంలో ఎంతమంది ఇంజనీర్లయ్యేవాళ్లో! అవన్నీ అనువాదాలేనన్న సంగతి అప్పట్లో తట్టేది కాదు. మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలని తెలుగు చేసినవారిలో ‘అతడు–ఆమె’ నవల రాసిన ఉప్పల లక్ష్మణరావు ఒకరు. ఆయన వృత్తిరీత్యా శాస్త్రజ్ఞుడు.

సరే, ఇదంతా పాత ముచ్చట. ఇప్పటి మన బతుకుతెరువుకి వద్దాం. అమీర్‌పేటలో శాప్ నేర్చుకుని అమెరికా వచ్చినవాళ్లు మీలో ఎంతోమంది ఉంటారు. మనం టేబుళ్ల పేర్లూ గడుల పేర్లూ ఎలా నేర్చుకున్నాం? బీకేపీఎఫ్, బీసెగ్, ఎక్కో, ఎక్‌పో, వీబ్యాక్, వీబ్యాప్, కున్నర్, లిఫ్‌నర్, బుక్రస్. అర్థం తెలియకుండా స్వరం తప్పకుండా నమకం చమకం వల్లించినట్టు వల్లించాం. పదిహేనేళ్ల అనుభవం ఉన్న కన్సల్టెంట్లని అడిగి చూశాను: “బుక్రస్ అంటే కంపెనీ కోడ్.” అది తెలుసు, కానీ ఆ మాట ఎక్కడిది? “ఏమో, శాప్ వాళ్లు అలా పెట్టారు.”

శాప్ 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు పెట్టిన కంపెనీ. వాళ్లు తమ భాషలోనే పేర్లు పెట్టుకున్నారు. ‘బూఖుంగ్’ అంటే పద్దు రాయడం, ‘క్రైస్’ అంటే వలయం. బూఖుంగ్స్‌క్రైస్ అంటే పద్దుల వలయం, ఒకే ఖాతా పుస్తకాల పరిధి. అదే బుక్రస్. ‘కుండె’ అంటే కొనుగోలుదారు, కుండెన్‌నుమ్మర్ మన కున్నర్. ‘లీఫరాంట్’ అంటే సరుకు పంపేవాడు, అక్కణ్ణించి లిఫ్‌నర్. ‘బెలేగ్’ అంటే రసీదు, వోచరు. ‘కోప్ఫ్’ అంటే తల. బీకేపీఎఫ్ అంటే వోచరు తలకాయ, హెడర్. ‘ఐన్‌కౌఫ్’ అంటే కొనుగోలు, కాబట్టి ఎక్కో కొనుగోలు పత్రం తలకాయ, ఎక్‌పో అందులోని పంక్తి. చివర ‘కే’ ఉంటే తల, ‘పీ’ ఉంటే పంక్తి. ఇది తెలిస్తే వందల టేబుళ్ల పేర్లు వాటంతటవే విడిపోతాయి, సంధి విడదీసినట్టు. అకౌంటింగ్‌లో డెబిట్టా క్రెడిట్టా అని చెప్పే గడిలో ‘ఎస్’, ‘హెచ్’ అని ఉంటాయి కదా, కొత్తగా చేరిన ప్రతివాడూ అక్కడ ఒకసారి బోల్తా పడతాడు. ‘జోల్’ అంటే రావలసింది, ‘హాబెన్’ అంటే ఉన్నది. ఖాతాదారు బాకీ వైపు జోల్, అతనికి జమ వైపు హాబెన్. మన కోమటి లెక్కల్లో మాట్లాడుకునే పద్ధతే. 2015లో ఎస్/4 హానా వచ్చి టేబుళ్ల నిర్మాణం చాలా మారింది గాని ఈ జర్మన్ గడులు ఎక్కడికీ పోలేదు.

ఇది కేవలం జ్ఞాపకశక్తికి చిట్కా అయితే ఇంత రాయను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక మందుల కంపెనీ ప్రాజెక్టులో (పేరు అనవసరం) జర్మనీలోని ప్లాంటు నుంచి పాత సరుకు వివరాలు కొత్త సిస్టంలోకి ఎక్కించాలి. ప్రతి బ్యాచ్ పక్కనా అక్కడి నాణ్యత విభాగం వాళ్లు జర్మన్‌లో ఒకటి రెండు మాటల వ్యాఖ్య రాశారు. మ్యాపింగ్ చేసినవాళ్లు ‘ఫ్రైగెగేబెన్’ అంటే ‘విడుదలైంది’ అని నిఘంటువులో చూసి, ఆ మాట ఉన్న వరసలన్నిటినీ అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకు కింద పెట్టారు. తర్కం బాగానే ఉంది. ప్రయోగాత్మక లోడు కూడా ఎర్రర్ లేకుండా నడిచింది. రెండో రోజు కాల్‌లో, హైదరాబాదు టీములో ఉన్న గుంటూరు అమ్మాయి అంది: “సార్, కొన్నిటికి ముందు ‘బెడింగ్ట్’ అని ఉందండీ. అంటే ‘షరతు మీద’ అని. ఇవి పూర్తిగా విడుదలైనవి కావేమో, ఒకసారి ప్లాంటు వాళ్లని అడుగుదామా?” ఆ అమ్మాయి ఎప్పుడో సరదాకి సాయంత్రం క్లాసుల్లో జర్మన్ రెండు మెట్లు చదివింది. అడిగాం. పరీక్ష ఫలితం ఇంకా రాని బ్యాచ్‌లవి. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా గేటు దాటకూడదు.

ప్రోగ్రాములో తప్పు లేదు, టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి. ఒక విశేషణం జారిపోయింది, అంతే. ఆ సరుకు ఇన్సులినో, గుండె మాత్రలో అయితే జరిగేదేమిటో మీరే ఊహించుకోండి. ఆ దేశంలో 1.250 అంటే పన్నెండు వందల యాభై, దశాంశానికి కామా పెడతారు. ఇలాంటివన్నీ నిబంధనల పత్రంలో ఎవరో ఒకరు రాస్తారు. ‘బెడింగ్ట్’ లాంటివి ఎవరూ రాయరు. రాసేవాడికి అది మాతృభాష కాబట్టి అందులో రాయవలసినదేదో ఉందని తట్టదు.

ఇది మనకీ జరిగింది, అటువైపు నుంచి. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లని కూలదోసింది, గుర్తుందా? జకారం, విరామం, ఞకారం, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస వస్తే మెసేజ్ తెరిచిన యాప్ చచ్చిపోయేది. కొద్దిరోజుల్లోనే 11.2.6 విడుదలలో సరిచేశారు. అక్షరం అంటే ఒక గడిలో ఒక సంకేతం అనుకునేవాడికి మన ఒత్తులూ గుణింతాలూ ఊహకందవు. ఇంకో లిపి నేర్చుకున్న ఇంజనీరుకి ‘ఒక అక్షరం’ అంటే ఏమిటన్న ప్రశ్నే వేరుగా కనబడుతుంది.

ఇక తెలుగువాళ్లకి పరభాషలు కష్టమన్న అపోహ గురించి. కష్టం ఎక్కడ వస్తుందంటే, మనం వాటిని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోబోతాం. బెజవాడ నుంచి గుంటూరు వెళ్లడానికి మద్రాసు మీదుగా టిక్కెట్టు కొన్నట్టు. జర్మన్‌లో చలేస్తే “మియర్ ఇస్ట్ కాల్ట్” అంటారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం దీనికి చతుర్థీ విభక్తి అని రెండు పేజీల వివరణ ఇస్తుంది. మనకి వివరణ దేనికి? ‘మియర్’ అంటే ‘నాకు’. నాకు చలిగా ఉంది. నచ్చిందనడానికి “దస్ గెఫెల్ట్ మియర్”, అది నాకు నచ్చింది. ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుందని అమెరికన్ విద్యార్థి ఏడుస్తాడు. మన క్రియ పుట్టిందే చివర. మాటకి మాట అంటించి పెద్ద సమాసం చేయడం మనకి కొత్త కాదు.

రష్యన్‌లోనూ అంతే. “యా ఇంఝెన్యేర్” అంటే నేను ఇంజనీరుని, మధ్యలో క్రియ అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు. “ఉ మిన్యా యేస్త్” అంటే నా దగ్గర ఉంది. ఇంగ్లీషులో ‘కలిగి ఉండు’ అన్న క్రియతో నెట్టుకొచ్చే చోట వాళ్లూ మనలాగే ‘దగ్గర ఉంది’ అంటారు. జపనీస్ అయితే మరీ విచిత్రం. “వతాషి వ తోక్యో ఎ ఇకిమాస్” అన్నదాన్ని వరస మార్చకుండా “నేను టోక్యోకి వెళ్తాను” అని పెట్టేయవచ్చు, ప్రత్యయం కూడా మాట వెనకే వస్తుంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మనం పడ్డ పాట్లలో సగం కూడా వీటి వాక్యనిర్మాణానికి పడనక్కర్లేదు. లింగాలూ, లిపులూ పెట్టే తిప్పలు వేరు, వాటికి మినహాయింపు లేదు. జర్మన్‌లో ‘అమ్మాయి’ నపుంసకలింగం, ఎవరినీ కారణం అడగొద్దు.

మరి ఇప్పుడు యంత్రం అన్నీ అనువాదం చేసి పెడుతోంది కదా? చేస్తోంది, అబ్బురంగా చేస్తోంది. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. అప్పట్లో అది చేసిన తెలుగు చూసి నవ్వుకున్నాం, ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇంకో సంగతి తెలుసా? ఇవాళ వ్యాసాలూ కోడూ రాస్తున్న ఈ పెద్ద భాషా నమూనాలన్నిటికీ మూలమైన ‘ట్రాన్స్‌ఫార్మర్’ పద్ధతిని 2017లో ప్రకటించినప్పుడు, అది పనిచేస్తుందని చూపించింది ఇంగ్లీషు నుంచి జర్మన్‌కి, ఫ్రెంచికి అనువాదం చేసే పరీక్షలోనే. 1954లో రష్యన్ వాక్యాలతో మొదలైన ఆరాటమే చుట్టూ తిరిగి ఇక్కడికి చేరింది.

కాబట్టి ఆల్‌పాక్ లెక్క మళ్లీ వేసుకోవాలి. ఇవాళ ఉఫీమ్‌త్సెవ్ పుస్తకం తొమ్మిదేళ్లు ఆగదు, తొమ్మిది నిమిషాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. పూర్తి వాక్యాలున్న వ్యాసాలు చదవడం కోసమే అయితే రెండు వందల గంటలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కానీ మన పనిలో పూర్తి వాక్యాలు ఎన్ని? పొడి అక్షరాల గడులు, సగం రాసిన వ్యాఖ్యలు, స్కాన్ చేసిన పత్రం మీద చేత్తో రాసిన ముక్క, మీటింగ్‌లో ఇద్దరు తమలో తాము అనుకున్న మాట. వీటికి సందర్భం కావాలి, అది యంత్రానికి మనమే అందించాలి. పైగా క్లయింటు పత్రాలని బయటి సైట్లో పెట్టడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు. అన్నిటికీ మించి, అనువాదం తప్పయినప్పుడు కూడా అది తడబడకుండా, చక్కటి ఇంగ్లీషులో వస్తుంది. మూలం మీద కాస్తయినా చూపు ఆనేవాడికే ఇక్కడేదో తేడాగా ఉందే అన్న అనుమానం వస్తుంది. ఆ అమ్మాయికి వచ్చిన జర్మన్ చాలా కొంచెం. ఆ కొంచెమే పనికొచ్చింది.

అందరికీ అవసరమా అంటే, కాదు. మీ క్లయింట్లందరూ టెక్సాస్‌లోనే ఉంటే జర్మన్ కన్నా స్పానిష్ మేలు, అది కూడా ఆఫీసు కోసం కాకపోవచ్చు. ఇంకో లెక్క కూడా కొందరు వేసుకుంటున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చాక, హైదరాబాదు నుంచి నాకు తెలిసిన పిల్లలు జర్మనీ గురించి ఎక్కువగా అడుగుతున్నారు. 2024 జూన్‌లో జర్మనీ మొదలుపెట్టిన ‘అవకాశ కార్డు’కి జర్మన్ మొదటి మెట్టు గాని, గట్టి ఇంగ్లీషు గాని ఉంటే చాలు. వీసా వరకూ ఇంగ్లీషుతో నెట్టుకు రావచ్చు. అక్కడ ఇల్లు అద్దెకి తీసుకోవడం, పిల్లవాణ్ని బడిలో వేయడం, టీములో భోజనాల వేళ ఒంటరిగా కూర్చోకుండా ఉండటం వేరే లెక్క. ఆ పిల్లలకి నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను: విమానం ఎక్కకముందే రెండు మెట్లు పూర్తి చేయండి, హైదరాబాదులో గోఎథె సెంటర్ ఉంది.

ఇక్కడే ఉండి మొదలుపెట్టాలనుకునే శాప్ వాళ్లకి డబ్బు ఖర్చు లేని మార్గం ఒకటుంది. మీ శాండ్‌బాక్స్ సిస్టంలో లాగాన్ అయ్యేటప్పుడు భాష గడిలో ‘ఈఎన్’ బదులు ‘డీఈ’ అని కొట్టండి. పదేళ్లుగా కళ్లు మూసుకుని వాడుతున్న కొనుగోలు ఆర్డర్ స్క్రీనే జర్మన్‌లో వస్తుంది. ఏ గడి ఎక్కడుందో మీకు ముందే తెలుసు కాబట్టి నిఘంటువు అక్కర్లేదు, చదువుకుంటూ పోవడమే. ఎక్కో, మెంగె, వర్క్స్ అన్నీ నిండు మాటలై కనబడతాయి. రోజుకి పావుగంట చాలు. ప్రొడక్షన్‌లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి, నెలాఖరున అసలే వద్దు.